చివరి ఫ్రాస్ట్ తేదీ నుంచి లెక్కపెట్టి పెరటి తోట వేయడం: నారు దగ్గర్నుంచి శరదృతువు కోత దాకా

"మాది ఏడో జోన్. టమాటా ఎప్పుడు నాటాలి?" చలి దేశాల్లో కొత్తగా తోట మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. జోన్ నంబరు ఒక్కటే చెబితే దీనికి జవాబు దొరకదు. మీ చోట చలికాలంలో చలి ఎంత లోతుకు దిగుతుందో జోన్ చెబుతుంది. టమాటాకు కావలసింది ఆ చలి ఎప్పుడు వదులుతుందన్న సంగతి. ఈ రెండింటినీ కలిపేసుకుని ఎంతోమంది ఏప్రిల్ మొదట్లోనే నారు నాటి, ఒక్క రాత్రిలో మొత్తం పోగొట్టుకుంటారు. అందుకే జోన్ దగ్గర మొదలుపెట్టి, ఫ్రాస్ట్ తేదీలు, మీ పెరటి తీరు, మట్టి వేడి దాకా ఒక్కో మెట్టుగా వెళ్దాం. ఫ్రాస్ట్ అంటే రాత్రి చలికి నేల మీద, ఆకుల మీద తెల్లటి మంచు పొర కట్టడం. ఇందులో విడిగా చెప్పని చోటల్లా డిగ్రీలంటే సెల్సియస్ అనుకోండి.

మొదటి మెట్టు: జోన్ నంబరును దాని పనికే వాడండి

అమెరికా వ్యవసాయ శాఖ ఈ జోన్ల పటాన్ని మొదట 1960లో వేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2023లో వచ్చినది. మొత్తం 13 జోన్లు. ఒక్కో జోన్‌కూ మధ్య తేడా 10 డిగ్రీల ఫారెన్‌హీట్. ఒక్కో జోన్‌నూ మళ్లీ ఎ, బి అని రెండు సగాలు చేశారు. 1991 నుంచి 2020 వరకు ఏటా నమోదైన అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రతలు తీసుకుని, వాటి సగటు కట్టి ఈ పటం గీశారు. ఏడో జోన్ అంటే ఆ సగటు సున్నా నుంచి 10 ఫారెన్‌హీట్ మధ్య, అంటే సుమారు మైనస్ 18 నుంచి మైనస్ 12 సెల్సియస్ మధ్య ఉందని అర్థం. సగటు కాబట్టి కొన్నేళ్లు అంతకంటే కిందికీ దిగుతుంది.

జోన్ ఉపయోగపడేది ఏళ్ల తరబడి భూమిలో ఉండే మొక్కలకు: పండ్ల చెట్లు, గులాబీలు, ద్రాక్ష తీగలు, పూల పొదలు. అవి మీ చలికాలాన్ని దాటి బతుకుతాయా లేదా అన్నది ఆ నంబరు చెబుతుంది. కుండీలో పెంచే చెట్టుకైతే ఇంకాస్త జాగ్రత్త కావాలి. కుండీలో వేళ్లకు నాలుగు వైపులా చలి తగులుతుంది కాబట్టి, మీ జోన్ కంటే రెండు జోన్లు ఎక్కువ చలిని తట్టుకునే రకం తెచ్చుకోవడం మేలు.

కూరగాయల దగ్గర ఈ నంబరు ఎందుకు చాలదో చూడండి. లండన్ ఈ లెక్కలో తొమ్మిదో జోన్. ఉత్తర ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ కూడా తొమ్మిదే. గెయిన్స్‌విల్‌లో మార్చిలోనే టమాటా మడిలోకి వెళ్తుంది, జులై వచ్చేసరికి వేడికి పూత రాలిపోతుంది. లండన్‌లో మే చివర గానీ బయట నాటలేరు, జులైలో మొక్క అప్పుడప్పుడే ఊపందుకుంటుంది. నంబరు ఒకటే అయినా రెండు చోట్లా తోట క్యాలెండర్లకు పోలికే లేదు.

రెండో మెట్టు: రెండు తేదీలు పట్టుకోండి, వాటి వెనక శాతం చూడండి

వసంతంలో ఆఖరిసారి ఫ్రాస్ట్ పడే తేదీ ఒకటి, శరదృతువులో మొదటిసారి పడే తేదీ ఒకటి. ఈ రెండింటి మధ్య ఉన్న రోజులే సున్నిత మొక్కలకు మీ దగ్గర దొరికే కాలం. అది 110 రోజులే ఉంటే, కాపుకు 120 రోజులు పట్టే గుమ్మడి రకం విత్తనాలు కొనడం దండగ. విత్తన ప్యాకెట్ మీద ఉండే రోజుల సంఖ్య చూసే ముందు ఈ కాలం ఎంతో తెలిసి ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పటాల్లో, యాప్‌లలో "చివరి ఫ్రాస్ట్ తేదీ ఏప్రిల్ 20" అని కనిపిస్తే, ఆ రోజుతో చలి అయిపోయిందని కాదు. అది సాధారణంగా 50 శాతం తేదీ. అంటే రెండేళ్లలో ఒక ఏడు ఏప్రిల్ 20 తర్వాత కూడా ఫ్రాస్ట్ పడుతుంది. అమెరికా వాతావరణ గణాంకాల్లో 10 శాతం తేదీ కూడా ఇస్తారు. ఆ తేదీ తర్వాత ఫ్రాస్ట్ పడేది పదేళ్లలో ఒక్క ఏడే. ఈ రెండు తేదీల మధ్య చాలాచోట్ల రెండు వారాల దాకా తేడా ఉంటుంది. నా మాట అడిగితే, చలికి ఓర్చే క్యాబేజీ, బఠాణీ, పాలకూర లాంటి వాటికి 50 శాతం తేదీ వాడండి. టమాటా, మిరప, వంగ, బెండ, తీగ కూరగాయలకు మాత్రం 10 శాతం తేదీకి ముందు మడిలోకి దిగవద్దు.

ఇలాంటి పట్టికలు దొరకని చోట మీరే తయారు చేసుకోవచ్చు. దగ్గరి వాతావరణ కేంద్రం రోజువారీ కనిష్ఠ ఉష్ణోగ్రతలు దొరికితే, గత 30 ఏళ్లలో ప్రతి వసంతంలో ఆఖరిసారి సున్నాకు దిగిన తేదీ రాసుకుని, వాటిని వరసలో పెట్టండి. సరిగ్గా నడిమి తేదీ మీ 50 శాతం తేదీ. బాగా ఆలస్యమైన మూడింటిని పక్కన పెట్టగా మిగిలినవాటిలో చివరిది సుమారు 10 శాతం తేదీ. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవాళ్లకు నెలలు తలకిందులవుతాయి: వసంతం సెప్టెంబరులో మొదలు, తొలి ఫ్రాస్ట్ ఏప్రిల్, మే నెలల్లో.

ఫ్రాస్ట్ అసలే పడని వెచ్చని చోట్ల ఈ లెక్కకు పని లేదు. అక్కడ కాలాన్ని తేల్చేవి వానలు, మండు వేసవి. చలి పంటలను చల్లని నెలల్లోనే ముగించుకోవాలి. టమాటా పూతకు రాత్రులు 24 డిగ్రీలు, పగళ్లు 35 డిగ్రీలు దాటని రోజులు చూసుకోవాలి.

మూడో మెట్టు: ఆ తేదీని మీ పెరటికి సరిదిద్దుకోండి

వాతావరణ కేంద్రం బహుశా విమానాశ్రయంలో ఉంటుంది, మీ మడి ఇంటి వెనక పల్లంలో ఉంటుంది. రెండు చోట్లా ఒకే చలి ఉండదు.

కేంద్రంలో ఉష్ణోగ్రత కొలిచేది నేలకు ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తున. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి పైగాలి కంటే చాలా చల్లబడుతుంది. అందుకే వాతావరణ సూచనలో 2 డిగ్రీలని ఉన్నా ఆకుల మీద తెల్లటి పొర కడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి పడిపోయి, సూచన 3 డిగ్రీలకు దిగిందంటే ఆ రాత్రికి సిద్ధం కావలసిందే. మబ్బు పట్టి ఉంటే అదే 3 డిగ్రీలు పెద్దగా భయపెట్టవు, ఎందుకంటే మబ్బు నేల వేడిని తిరిగి కిందికే పంపుతుంది.

చల్లగాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. వాలు దిగువన, అడ్డంగా ఉన్న కంచె వెనక, గోడలు మూసిన మూలలో అది నిలిచిపోతుంది. ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఫ్రాస్ట్ పడిన ఉదయం ఎండ రాకముందు పెరట్లో ఒకసారి తిరగండి. పచ్చిక మీద తెలుపు ఎక్కడ దట్టంగా ఉందో, ఎక్కడ లేదో కంటికే తెలుస్తుంది. చెట్టు కొమ్మల కింద గడ్డి పచ్చగానే ఉంటుంది, కొమ్మ అంచు దాటగానే గీత గీసినట్టు తెలుపు మొదలవుతుంది. ఇటుక గోడ పక్కన మూర వెడల్పు నేల తడిగా మాత్రమే ఉంటుంది. పల్లపు మూలలో పొర మందంగా కట్టి, తొమ్మిదింటికి కూడా కరగకుండా ఉంటుంది. ఆ మూలలో టమాటా పెట్టకండి. గోడ పక్కన మూర స్థలం మిరపకు రాసిపెట్టుకోండి.

ఎత్తు లెక్క కూడా వేసుకోవాలి. సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అమెరికా వ్యవసాయ శాఖలో కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన ఆండ్రూ హాప్కిన్స్ 1918లో ఒక సూత్రం ప్రచురించారు. ఉత్తర అమెరికాలో ఒక డిగ్రీ అక్షాంశం ఉత్తరానికి వెళ్తే వసంతం నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, 400 అడుగుల ఎత్తు పెరిగినా అంతే. ఇది మోటు లెక్కే, అయినా కేంద్రం కంటే 800 అడుగులు ఎత్తున ఉన్నవాళ్లు తమ తేదీని వారం ఆలస్యంగా పెట్టుకోవడానికి పనికొస్తుంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ గుర్తుంచుకునే థర్మామీటర్ ఒకటి మడిలోనే, మొక్కల ఎత్తున పెట్టుకుంటే ఒక్క సీజన్‌లోనే మీ పెరటికీ కేంద్రానికీ తేడా ఎంతో తేలిపోతుంది.

నాలుగో మెట్టు: మట్టిలో థర్మామీటర్ గుచ్చండి

తోటల మీద వచ్చే సలహాల్లో దీనికి దక్కవలసినంత చోటు దక్కడం లేదు. గాలి ఉష్ణోగ్రత మొక్క చావకుండా ఉంటుందా అన్నది చెబుతుంది. అది ఎదుగుతుందా అన్నది మట్టి వేడిని బట్టి ఉంటుంది.

బఠాణీ గింజ 5 డిగ్రీల మట్టిలోనూ మొలుస్తుంది, కాకపోతే ఐదు వారాలు పడుతుంది. 10 డిగ్రీలుంటే రెండు వారాలు, 15 ఉంటే తొమ్మిది రోజులు. బెండ గింజ 15 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు తీసుకుంటుంది, 30 డిగ్రీల దగ్గర వారంలో తల ఎత్తుతుంది. చల్లటి తడి మట్టిలో నాలుగు వారాలు పడి ఉన్న బెండ గింజల్లో చాలావరకు కుళ్లిపోతాయి. ముందు విత్తినందువల్ల ముందు కాపు వస్తుందన్నది వేడి పంటల విషయంలో నిజం కాదు. మూడు వారాల తర్వాత వెచ్చని మట్టిలో వేసినవి ముందు వేసినవాటిని దాటిపోతాయి.

కొలిచే పద్ధతి: పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య, గింజలకైతే 5 సెంటీమీటర్ల లోతున, నారుకైతే 10 సెంటీమీటర్ల లోతున. మధ్యాహ్నం కొలిస్తే ఎండ వేడికి అంకె పెరిగి మోసపోతారు. వరసగా నాలుగైదు రోజులు ఒకే తీరుగా వస్తే నమ్మండి.

పాలకూర, బఠాణీ, లెట్యూస్‌కు 5 డిగ్రీలు దాటితే చాలు, 8 నుంచి 10 ఉంటే హాయి. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగికి 8 నుంచి 10. ఆలుగడ్డకు 7 నుంచి 10. బీన్స్, మొక్కజొన్నకు 15 దాకా ఆగాలి, తీపి మొక్కజొన్నకు ఇంకాస్త ఎక్కువైనా నష్టం లేదు. టమాటా నారుకు 15 నుంచి 16, రాత్రి గాలి కూడా 10 కిందికి దిగకూడదు. మిరప, వంగ, బెండ, దోస, సొర, బీర, కాకరలకు 18 నుంచి 21. మిరప రాత్రి 12, 13 డిగ్రీలున్నా చావదు గానీ అలిగి కూర్చుంటుంది. ఆకు పాలిపోతుంది, నెలన్నా కొత్త చిగురు వేయదు.

ఉష్ణోగ్రతతో పాటు తడి కూడా చూడండి. గుప్పెడు మట్టి పిసికి వేలితో పొడవండి. పొడి పొడిగా విడిపోతే తవ్వొచ్చు. ముద్దగా అంటుకుని ఉంటే ఇంకా కొన్ని రోజులు దాని జోలికి పోవద్దు, తడి మట్టిని తొక్కితే ఆ గట్టిదనం ఏడాదంతా పోదు. మట్టి త్వరగా వేడెక్కాలంటే ఎత్తు మడులు కట్టుకోవచ్చు, లేదా నాటే రెండు వారాల ముందు నల్ల ప్లాస్టిక్ షీటు మట్టిని అంటిపెట్టుకునేలా పరిచి ఉంచవచ్చు. చలికాలమంతా కప్పి ఉంచిన ఎండు ఆకులు, గడ్డి అప్పటికి పక్కకు లాగేయాలి, లేకపోతే అవే ఎండను అడ్డుకుంటాయి.

ఐదో మెట్టు: వెనక్కి లెక్కపెట్టి నారు పోయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ 50 శాతం తేదీ ఏప్రిల్ 20, 10 శాతం తేదీ మే 4.

టమాటా నాటేది మే 8 అనుకుందాం. నారు ఆరు నుంచి ఎనిమిది వారాలది కావాలి. ఏడు వారాలు వెనక్కి వస్తే మార్చి 20. మిరప, వంగ ఇంకో వారం ఆగి మే 15న నాటండి. వీటి నారుకు ఎనిమిది నుంచి పది వారాలు కావాలి, తొమ్మిది వారాలు వెనక్కి లెక్కిస్తే మార్చి 13. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ చివరి ఫ్రాస్ట్‌కు మూడు వారాల ముందే బయటికి వెళ్లగలవు, అంటే మార్చి 30. ఐదు వారాల నారు కావాలి కాబట్టి ఫిబ్రవరి 23 ప్రాంతంలో విత్తాలి. దోస, సొర, బీర, గుమ్మడికి మూడు, నాలుగు వారాలే చాలు. వీటి వేళ్లు కదిలితే మొక్క దెబ్బతింటుంది. ట్రేలో కాకుండా ఒక్కో గింజ ఒక్కో చిన్న కుండీలో వేసి, మట్టి గడ్డ చెదరకుండా నాటండి.

ఫిబ్రవరిలో చెయ్యి ఊరుకోక టమాటా గింజలు వేసేవాళ్లకు ఒక మాట. కిటికీ వెలుగులో పది, పన్నెండు వారాలు ఉన్న నారు సన్నగా సాగి, కుండీలోనే వేళ్లు చుట్టుకుని, పూత కూడా మొదలుపెడుతుంది. మడిలో పెట్టాక అది కోలుకునే లోపు ఆరు వారాల బొద్దు నారు దాన్ని మించిపోతుంది. ఆలస్యమైన నారును సరిచేసుకోవచ్చు, ముదిరిన నారుతో చేయగలిగింది తక్కువ. క్యాబేజీ జాతికి, ఉల్లికి ఇంకో చిక్కు ఉంది. కాండం పెన్సిల్ మందం దాటిన నారు వారాల తరబడి 10 డిగ్రీల కింద ఉంటే, చలికాలం గడిచిపోయిందనుకుని గడ్డ కట్టకుండా పూల కాడ వేస్తుంది.

ఉల్లి విషయంలో తేదీతో పాటు మీ అక్షాంశం కూడా చూడాలి. పగలు ఎన్ని గంటలన్న దాన్ని బట్టే ఉల్లి గడ్డ కడుతుంది. 14 గంటల పగలు కావలసిన రకాలు ఉత్తరానికి, 10 నుంచి 12 గంటలు చాలే రకాలు భూమధ్యరేఖకు దగ్గరి చోట్లకు. రకం తప్పితే ఎంత సరైన రోజున నాటినా గడ్డ రాదు.

నాటే ముందు వారం, పది రోజులు నారును గట్టిపరచాలి. మొదటి రోజు నీడలో గంట, రెండు గంటలు బయట పెట్టండి. రోజురోజుకూ సమయం, ఎండ పెంచండి. నీళ్లు కాస్త తగ్గించండి గానీ వాడనివ్వకండి. చివరి రెండు, మూడు రాత్రులు, 10 డిగ్రీల పైన ఉంటే, బయటే వదలండి. ఈ పని మానేస్తే ఆకులు ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా మాడిపోతాయి. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. నాటడానికి మబ్బు పట్టిన రోజు గానీ సాయంత్రం గానీ మంచిది.

ఆరో మెట్టు: శరదృతువు పంటకు లెక్క మార్చండి

వసంతంలో ఒక్కసారి నాటి ఊరుకునేవాళ్లు ఏడాదిలో సగం తోటను వదులుకుంటున్నట్టే. చలి పంటలు వసంతంలో కంటే శరదృతువులోనే రుచిగా, పూల కాడ వేయకుండా వస్తాయి, ఎందుకంటే అవి వేడి నుంచి చలిలోకి వెళ్తాయి.

తొలి ఫ్రాస్ట్ తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. ప్యాకెట్ మీది రోజులకు, పొద్దు తగ్గి ఎదుగుదల నెమ్మదించినందుకు రెండు వారాలు, కోతకు రెండు వారాలు కలపండి. తొలి ఫ్రాస్ట్ అక్టోబరు 20 అనుకుంటే, 55 రోజుల పొద బీన్స్‌కు 83 రోజులు వెనక్కి రావాలి, అంటే జులై 29. పాలకూర, ముల్లంగి లాంటివి ఫ్రాస్ట్ తర్వాతా నిలుస్తాయి కాబట్టి వాటికి కోత వారాలు కలపకపోయినా సరే. పగలు 10 గంటల కంటే తగ్గాక ఏ ఆకుకూరైనా దాదాపు ఎదగడం ఆపేస్తుంది, ఉన్నది ఉన్నట్టు నిలబడుతుంది. ఆ రోజుకు మొక్క ముప్పాతిక వంతన్నా ఎదిగి ఉండేలా చూసుకుంటే చలికాలంలోనూ కోసుకోవచ్చు.

ఎండాకాలంలో విత్తడంలో ఒక ఇబ్బంది ఉంది. మట్టి 27, 28 డిగ్రీలు దాటితే లెట్యూస్ గింజ నిద్రపోతుంది. సాయంత్రం విత్తి, తడిపి, మొలక వచ్చేదాకా నీడ పట్టండి.

ఏడో మెట్టు: ఫ్రాస్ట్ రాత్రి

తొలి ఫ్రాస్ట్ తర్వాత చాలాసార్లు రెండు, మూడు వారాలు మంచి ఎండ ఉంటుంది. ఆ ఒక్క రాత్రి గట్టెక్కిస్తే టమాటా ఇంకా కాస్తుంది.

పగలే మట్టిని తడపండి, తడి మట్టి పగటి వేడిని ఎక్కువగా దాచుకుని రాత్రి వదులుతుంది. పొద్దు వాలకముందే కప్పండి, చీకటి పడ్డాక కప్పితే అప్పటికే వేడి పోయి ఉంటుంది. కప్పే బట్ట నేల దాకా దిగాలి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. కాండం చుట్టూ మూట కడితే లాభం లేదు, వేడి వచ్చేది మొక్క నుంచి కాదు, నేల నుంచి. పలుచని తోట బట్ట ఒకటి, రెండు డిగ్రీలు కాపాడుతుంది, మందపుది నాలుగు దాకా. ప్లాస్టిక్ అయితే ఆకులకు తగలకుండా కర్రల మీద నిలపండి, ఎండ రాగానే తీసేయండి. ఈ కప్పులన్నీ గాలి ఆడని రాత్రులకే. మంచు ప్రాంతాల నుంచి ఈదురుగాలితో చలి దిగినప్పుడు బట్ట పెద్దగా ఆదుకోదు. ఆ రోజు పచ్చివైనా సరే, ముదిరిన టమాటాలు, మిరపకాయలు, వంకాయలు కోసి ఇంట్లో పెట్టేయండి.

పండ్ల తోటల్లో రాత్రంతా నీళ్లు చిమ్మడం చూసి పెరట్లో హోస్ పట్టుకోకండి. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 కేలరీల వేడి వదులుతుంది, ఆ వేడి పూతను కాపాడుతుంది. కానీ మంచు కరిగేదాకా చిమ్ముతూనే ఉండాలి, మధ్యలో ఆపితే ఆవిరయ్యే నీరు ఉన్న వేడినీ లాక్కుని మొదటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

క్యారెట్, కేల్, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌ను ఈ హడావిడిలో కోయనక్కర్లేదు. చలికి అవి తమలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి, రెండు ఫ్రాస్ట్‌లు తిన్నాకే వాటి అసలు తీపి తెలుస్తుంది.

ఏడాదిలో ఆఖరి నాటు వెల్లుల్లి. తొలి ఫ్రాస్ట్ దాటాక, నేల గడ్డకట్టడానికి నాలుగైదు వారాల ముందు పాయలు విడదీసి, మొన పైకి ఉండేలా 5 సెంటీమీటర్ల లోతున నాటండి. పాయలు విడివిడిగా కట్టాలంటే దానికి కొన్ని వారాల చలి తగలాలి. పైన ఎండుగడ్డి మందంగా కప్పండి. చలికాలంలో ఆకు మొన బయటికి వచ్చి కొంచెం మాడినా కంగారు పడకండి, మట్టిలో పాయకు ఏమీ కాదు.